పురావస్తు శాస్త్రం, అర్థశాస్త్రం: రెండూ చదవాలనుకుంటే ఏ దారి మేలు?

పురావస్తు శాస్త్రాన్ని, అర్థశాస్త్రాన్ని ఒకే డిగ్రీలో కలిపి చదవడం వీలవుతుందా అని అడిగితే, బ్రిటన్‌లో వీలవుతుందని, అమెరికాలో కొంచెం చుట్టు తిరిగితే వీలవుతుందని, మన దేశంలో ఆ పేరుతో డిగ్రీ దొరకడం కష్టమని చెప్పాలి. అలాగని ఇక్కడ ఉండి రెండూ నేర్చుకోలేమని కాదు. తెలుగు విద్యార్థి ముందున్న దారులు ముఖ్యంగా నాలుగు. విదేశంలో జోడు డిగ్రీ చేయడం ఒకటి. ఇక్కడే అర్థశాస్త్రంలో డిగ్రీ చేసి పీజీలో పురావస్తు శాస్త్రానికి మారడం రెండోది. డిగ్రీ నుంచే పురావస్తు శాస్త్రం పట్టుకుని అర్థశాస్త్రాన్ని పక్కన నేర్చుకోవడం మూడోది. ఆర్థిక చరిత్ర అనే పొరుగు సబ్జెక్టును ఎంచుకోవడం నాలుగోది. వీటిలో రెండో దారి ఎక్కువమందికి సరిపోతుందని నా అభిప్రాయం. అది ఎందుకు సరిపోతుందో, ఎవరికి సరిపోదో వివరంగా చెబుతాను.

ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ

బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రాలయం ముందరి మంటపంలోని స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం ప్రాణం కన్నా ధనమే గొప్పదని తలచి సముద్రానికి తెగించిన వర్తకులకు నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నానని రాజు అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాల వంటి సరుకులకు విడిగా రేట్లు కూడా చెప్పాడు.

ఈ శాసనాన్ని లిపి కోసం, భాష కోసం, వంశావళి కోసం చదివే పద్ధతి ఒకటి ఉంది. అర్థశాస్త్రం చదివినవారికి అదే రాయి వేరే సంగతులు చెబుతుంది. ముప్పయ్యో వంతు అంటే నూటికి మూడు పైచిలుకు మాత్రమే. రోమన్ సామ్రాజ్యం తన తూర్పు రేవుల్లో దిగే మన దేశపు సరుకు మీద నూటికి 25 వసూలు చేసేది. ఇంత తక్కువ సుంకంతో ఖజానా నిండాలంటే రేవుకు వచ్చే ఓడలు పెరగాలి. ఓడలు పెరగాలంటే, సరుకు జప్తు చేయగల బలం ఉండి కూడా చేయనని రాజు ఇచ్చిన మాటను ఎక్కడో దూరదేశంలో ఉన్న వర్తకుడు నమ్మాలి. ఆ మాటను కోటలో దాచిన తామ్రపత్రం మీద కాకుండా, రేవు ఊరిలో నలుగురూ చూసే గుడి స్తంభం మీద చెక్కించడంలో ఉన్న తెలివి అదే. అయితే వర్తకులు నిజంగా నమ్మారా, 1244 తర్వాత ఓడల రాకపోకలు పెరిగాయా అన్నది శాసనం చెప్పదు. అది తెలియాలంటే రేవు నేలలోని పొరలను తవ్వి, ఏ పొరలో ఎన్ని చైనా పింగాణీ పెంకులు, ఎన్ని పరాయి నాణేలు వచ్చాయో లెక్కపెట్టాలి. ప్రశ్న ఒక శాస్త్రం వేస్తుంది, సాక్ష్యం మరో శాస్త్రం తెస్తుంది. రెండూ ఒకే మనిషికి తెలిసి ఉంటే పని సులువవుతుంది.

ఇలాంటి పని ఊహలో మాత్రమే ఉన్నదేమీ కాదు. తుర్కియేలోని కుల్తెపె అనే దిబ్బలో క్రీస్తుపూర్వం 19వ శతాబ్దం నాటి అస్సీరియన్ వర్తకుల మట్టిపలకలు వేల సంఖ్యలో దొరికాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి సరుకు వెళ్లిందో వాటిలో రాసి ఉంది గాని, ఆ ఊళ్లలో కొన్ని ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. రెండు ఊళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ వర్తకం తగ్గుతుందన్న అర్థశాస్త్ర సూత్రాన్ని తిరగేసి, వర్తకం ఎంత జరిగిందో చూసి దూరం ఎంత ఉండాలో లెక్కకట్టి, కనిపించకుండా పోయిన ఊళ్ల చోటును అంచనా వేసిన పరిశోధన 2019లో అర్థశాస్త్ర పత్రికలోనే వెలువడింది. అంతకు రెండేళ్ల ముందు, ప్రాచీన ఊళ్లలోని ఇళ్ల వైశాల్యాలను కొలిచి, నేటి ఆదాయ అసమానతను లెక్కించే జినీ సూచికనే వాటికి వర్తింపజేసి, వేల ఏళ్ల కిందటి సంపద తేడాలను పోల్చారు పురావస్తు శాస్త్రవేత్తలు.

మన దగ్గర మచ్చు కావాలంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బ ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరుతో దీన్ని కలిపి చూడకూడదు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఇక్కడ తవ్వినప్పుడు, ఆ దిబ్బ కొత్త రాతియుగపు పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ పలుమార్లు కాలగా ఏర్పడినదని తేలింది. దొడ్డి నేల మీద పశువుల గిట్టల గుర్తులు కూడా అలాగే నిలిచి ఉన్నాయి. పొలానికి ఎరువుగా వేయదగిన పేడను అంత రాశిగా ఎందుకు తగలబెట్టారు, పశువే ఆస్తి అయిన సమాజంలో ఆస్తిని ఎలా లెక్కించేవారు అన్న ప్రశ్నలు ఆ దిబ్బ ముందు నిలబడితే వాటంతట అవే పుడతాయి. ఇలాంటి ప్రశ్నలు మిమ్మల్ని పట్టి ఆపితే ఈ జోడీ మీకు తగినదే. పాత విగ్రహాలు, గుళ్లు అంటే ఇష్టం, షేర్ మార్కెట్ అంటే కూడా ఇష్టం అన్నంత వరకే అయితే, రెండింటినీ ఒక డిగ్రీలో ఇరికించాల్సిన అవసరం లేదు. ఒకటి చదువుగా, మరొకటి వ్యాపకంగా ఉండవచ్చు.

పని తీరులో తేడా

దారులను పోల్చే ముందు, ఈ రెండు చదువుల్లో రోజు ఎలా గడుస్తుందో చూసుకోవాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే.

తవ్వకంలో కొత్తగా చేరిన విద్యార్థి చేతికి గొప్ప విగ్రహమేదీ రాదు, తాపీ, బ్రష్షు, లేబుళ్ల కట్ట వస్తాయి. ఎండ ఎక్కకముందే ట్రెంచ్ (కొలిచి తవ్వే గుంత) దగ్గర ఉండాలి. కూలీలు గంపల్లో ఎత్తిన మట్టిని జల్లెడ పడుతుంటే మిగిలిన పెంకులను సంచిలో వేసి, స్థలం పేరు, ట్రెంచ్ నంబరు, పొర నంబరు, లోతు, తేదీ రాసిన లేబుల్ కట్టాలి. మధ్యాహ్నం పాటరీ యార్డ్‌లో ఆ పెంకులను కడిగి ఆరబెట్టి, కుండ అంచులు ఒక కుప్ప, అడుగులు ఒక కుప్ప, నడిమి ముక్కలు ఒక కుప్పగా వేరుచేసి, ఒక్కొక్కదాని మీద సన్నటి అక్షరాలతో నంబరు వేయాలి. ఒక సంచికి లేబుల్ ఊడిపోయిందంటే అందులోని రెండు వందల పెంకులూ ఎందుకూ కొరగావు. ఏ పొరదో తెలియని పెంకు సాక్ష్యంగా నిలవదు. వారాల తరబడి ఇదే పని. సాయంత్రం డేరాలో కూర్చుని ఆ రోజు తవ్విన గుంత గోడలో కనిపించే పొరల బొమ్మను గ్రాఫ్ కాగితం మీద గీయాలి.

అర్థశాస్త్రంలో రోజు దీనికి పూర్తిగా వేరు. వార్తాపత్రికల్లో బడ్జెట్ విశ్లేషణలు చదివి ముచ్చటపడి చేరినవారికి మొదటి ఏడాదిలోనే డిమాండ్ రేఖల తర్వాత కలన గణితపు డెరివేటివ్‌లు, ఆ తర్వాత మాత్రికలు, సంభావ్యత ఎదురవుతాయి. పీజీకి వెళ్లేసరికి సగం పాఠం గణితంలోనే నడుస్తుంది. ఎకనోమెట్రిక్స్ పేపరులో వేల వరుసల డేటా ముందు పెట్టుకుని, ఒక కారణానికి ఒక ఫలితానికి ఉన్న సంబంధం నిజమైనదా కాకతాళీయమా అని రిగ్రెషన్ వేసి తేల్చాలి. పురావస్తు శాస్త్రవేత్త పది మీటర్ల చదరంలో దొరికినదాని గురించి వంద పేజీల నివేదిక రాస్తాడు. ఆర్థికవేత్తకు ఆ వంద పేజీలు పట్టికలో ఒక వరుస మాత్రమే. ఒకరి ఓపిక మరొకరికి చాదస్తంగా, ఒకరి సూత్రీకరణ మరొకరికి తొందరపాటుగా కనిపిస్తుంది. రెండు చదువులూ చేసేవారు ఈ రెండు ఓపికలనూ అలవరచుకోవాలి. డిగ్రీ ఎంపిక కన్నా కష్టమైన సంగతి ఇదే.

విదేశపు జోడు డిగ్రీ

స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ నాలుగేళ్లు. మొదటి రెండేళ్లలో విద్యార్థి రెండు మూడు సబ్జెక్టులు చదివి, తర్వాతి రెండేళ్లు ఒకదానిలోనో, సమానంగా రెండింటిలోనో ఆనర్స్ చేస్తాడు. పురావస్తు శాస్త్ర విభాగం, అర్థశాస్త్ర విభాగం రెండూ బలంగా ఉన్న గ్లాస్గో వంటి చోట్ల ఈ ఏర్పాటు ఇలాంటి జోడీలకు బాగా కుదురుతుంది. ఏ ఏడాది ఏ జోడీలకు ప్రవేశం ఇస్తున్నారో దరఖాస్తుకు ముందు విశ్వవిద్యాలయం ప్రకటించిన జాబితాలో చూసుకోవాలి, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. ఇంగ్లండ్‌లో డిగ్రీ మూడేళ్లే గనుక సబ్జెక్టు మార్చుకునే వెసులుబాటు తక్కువ. అక్కడ పురావస్తు శాస్త్రాన్ని ఎక్కువగా ఆంత్రోపాలజీతోనో (మానవ శాస్త్రం), ప్రాచీన చరిత్రతోనో జత చేస్తారు.

ఈ దారిలో ఉన్న మేలు ఏమిటంటే, రెండు శాఖల అధ్యాపకుల దగ్గరా ఒకే కాలంలో చదువుతారు గనుక చివరి ఏడాది సిద్ధాంత వ్యాసాన్ని రెండింటి కలయిక మీదే రాయవచ్చు. వేసవిలో తవ్వకానికి వెళ్లడం చదువులో భాగంగానే ఉంటుంది. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చూసుకోవాలన్నా అవకాశం ఉంది. ఇంగ్లండ్‌లో 1990 నుంచి, ఏదైనా కట్టడం కట్టబోయే చోట పురావస్తు అవశేషాలుంటే వాటిని పరిశీలించి నమోదు చేయించే ఖర్చు కట్టేవారే భరించే పద్ధతి స్థిరపడింది. అందువల్ల అక్కడ పురావస్తు ఉద్యోగాల్లో పెద్ద భాగం ప్రైవేటు సంస్థల్లోనే ఉంది. ఏ స్థలం తవ్వితే ఎంత ఖర్చు, నిర్మాణం ఎన్నాళ్లు ఆగుతుంది అని లెక్కలు వేయగలిగినవారికి అలాంటి చోట్ల విలువ ఉంటుంది.

చిక్కులు కూడా తక్కువేమీ కాదు. స్కాట్లండ్ స్థానిక విద్యార్థులకు ఉన్న ఫీజు రాయితీ మనవారికి వర్తించదు. పైగా మూడేళ్లకు బదులు నాలుగేళ్ల ఫీజు, నాలుగేళ్ల బతుకు ఖర్చు. ఆ డిగ్రీని కొన్ని పాత స్కాటిష్ విశ్వవిద్యాలయాలు సంప్రదాయం ప్రకారం ఎం.ఏ. అని పిలుస్తాయి. పేరు ఎం.ఏ. అయినా అది డిగ్రీ స్థాయి చదువే. మన దేశానికి తిరిగొచ్చి పీజీ అర్హత అడిగే ఉద్యోగానికి దాన్ని చూపిస్తే చిక్కులు వస్తాయి. బంధువుల ఇంట్లో పెళ్లిలో ‘మా అబ్బాయి ఎం.ఏ.’ అని చెప్పుకోవడానికి పనికొస్తుంది గాని, నోటిఫికేషన్‌కు పనికిరాదు. అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి ఉంది: సగం సగం పంచిన డిగ్రీలో అర్థశాస్త్రపు ఐచ్ఛిక పేపర్లు, ముఖ్యంగా గణితం ఎక్కువున్నవి, వదులుకోవలసి వస్తుంది. తర్వాత అర్థశాస్త్రంలో గట్టి పీజీకి వెళ్లాలనుకుంటే ఆ లోటు అక్కడ బయటపడుతుంది.

అమెరికాలో డబుల్ మేజర్, అంటే రెండు ప్రధాన సబ్జెక్టులు, అనే పేరుతో దీన్ని చేయవచ్చు. అక్కడ సాధారణంగా రెండో ఏడాది చివరికి గాని మేజర్ తేల్చి చెప్పనక్కరలేదు గనుక తేల్చుకోలేనివారికి ఊపిరి దొరుకుతుంది. అయితే చాలా విశ్వవిద్యాలయాల్లో పురావస్తు శాస్త్రానికి సొంత విభాగం ఉండదు, ఆంత్రోపాలజీలోనో క్లాసిక్స్‌లోనో (ప్రాచీన గ్రీకు, రోమన్ అధ్యయనం) కలిసి ఉంటుంది. ఆ విభాగంలో దక్షిణాసియా మీద పనిచేసేవారు ఉన్నారో లేరో చూసుకోకుండా వెళ్తే నాలుగేళ్లు మాయా నాగరికత, మధ్యధరా తీరం చదివి వస్తారు. అది తప్పని కాదు, ముందే తెలిసి వెళ్లాలి.

మొదట అర్థశాస్త్రం, తర్వాత పురావస్తు శాస్త్రం

నేను ఎక్కువమందికి చెప్పేది ఈ దారే. దీనికి మూలకారణం వరుస. మన దేశంలో పురావస్తు శాస్త్రపు పీజీ కోర్సులు చాలాచోట్ల ఏ డిగ్రీ చేసినవారినైనా చేర్చుకుంటాయి. మంచి అర్థశాస్త్ర పీజీలు మాత్రం గణితం రానివారిని ప్రవేశ పరీక్షలోనే వడపోస్తాయి. కలకత్తా, ఢిల్లీ కేంద్రాల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నడిపే కోర్సు గానీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గానీ గణితం లేకుండా అందేవి కావు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ స్థాయి అర్థశాస్త్ర ఆనర్స్‌కే ప్లస్ టూలో గణితం ఉండాలి. కనుక అర్థశాస్త్రం నుంచి పురావస్తు శాస్త్రానికి రావడం సులువు, అటు నుంచి ఇటు రావడం ఎక్కువమందికి కుదరదు. ఇంటర్‌లో ఎంఈసీ చదివినవారికి ఇక్కడ చిక్కు లేదు. హెచ్ఈసీ, సీఈసీ వారు మాత్రం డిగ్రీ మొదటి ఏడాదిలోనే గణితాన్ని విడిగా కూర్చుని నేర్చుకోవాలి; మూడో ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యం.

డిగ్రీ ఎక్కడ చేయాలన్నది రెండో ప్రశ్న. ఒకప్పటి మన బీఏలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ సమానంగా ఉండేవి. లోతు తక్కువైనా, ఈ జోడీ కోరుకునేవారికి అది అనుకోకుండా అమరిన కోర్సు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒక మేజర్, దానికి తోడు మైనర్ అన్న పద్ధతి వచ్చింది. ఈ నియమాలు స్థిరంగా ఉండటం లేదు గనుక కాలేజీని ఎంచుకునేముందు అర్థశాస్త్రం మేజర్‌తో చరిత్ర మైనర్ ఇస్తారో లేదో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. మన రాష్ట్రాల విద్యార్థులు తప్పక చూడవలసిన మరో అవకాశం. చరిత్ర, ఆంత్రోపాలజీ అక్కడ సామాజిక శాస్త్రాల స్కూల్ కింద ఉన్నాయి, అర్థశాస్త్రానికి విడిగా స్కూల్ ఉంది.

పీజీకి వచ్చేసరికి పుణె పేరు ముందుగా చెప్పాలి. 1821లో మొదలై, 1939లో పరిశోధన సంస్థగా మారిన డెక్కన్ కాలేజీలో పురావస్తు శాస్త్రానికి ప్రత్యేక విభాగం, ల్యాబులు, సొంత తవ్వకాల సంప్రదాయం ఉన్నాయి. ఆ సంస్థ 1968 నుంచి 1983 వరకు ఘోడ్ నది ఒడ్డున తవ్విన ఇనాంగావ్ గురించి తెలుసుకుంటే ఆర్థిక పురావస్తు శాస్త్రం అంటే ఏమిటో మరొకరు చెప్పనక్కరలేదు: మూడు వేల ఏళ్ల కిందటి ఆ రైతుల ఊరిలో ఐదు గదుల పెద్ద ఇల్లు, దాని పక్కనే ధాన్యపు గాదెలు, పొలాలకు నీళ్లు మళ్లించే కాలువ బయటపడ్డాయి. గాదె ఎవరి ఇంటి పక్కన ఉంది అన్న ఒక్క సంగతి మీద పన్ను, మిగులు పంట, పెత్తనం గురించి ఎంతో చర్చ జరిగింది. అదే పుణెలో 1930లో స్థాపించిన గోఖలే ఇన్‌స్టిట్యూట్ అర్థశాస్త్రానికి పేరున్న సంస్థ. ఒకే ఊరిలో రెండు శాస్త్రాలకూ ఇలాంటి గ్రంథాలయాలు ఉండటం చిన్న విషయం కాదు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్ర విభాగాన్ని తొలినాళ్లలో నడిపినవారు బెండపూడి సుబ్బారావు. ఆ విభాగం నేటికీ దేశంలోని ముఖ్యమైన వాటిలో ఒకటి. మన దగ్గర తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర, కడపలోని యోగి వేమన, గుంటూరు దగ్గరి నాగార్జున విశ్వవిద్యాలయాల్లోనూ, ఉస్మానియాలోనూ చరిత్రతో కలిపి పురావస్తు శాస్త్రం చెబుతారు. చేరేముందు సిలబస్‌లో తవ్వకం, ల్యాబ్ పని ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూసుకోవాలి. తరగతి గదిలో మాత్రమే నేర్పే పురావస్తు శాస్త్రం ఈత మీద ఉపన్యాసం వంటిది.

ఈ దారికీ ఒక లోటు ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా ట్రెంచ్ ముఖం చూడకుండా గడిచిపోతుంది, తీరా చూశాక ఆ పని తన ఒంటికి పడదని తెలియవచ్చు. అందుకే డిగ్రీ రెండో ఏడాది సెలవుల్లోనే ఏదో ఒక తవ్వకంలోనో సర్వేలోనో వాలంటీరుగా నాలుగు వారాలు గడపాలి. మన దేశంలో తవ్వకానికి భారత పురావస్తు సర్వే శాఖ లైసెన్సు కావాలి గనుక ఎవరు పడితే వారు తవ్వరు. లైసెన్సు ఉన్న విశ్వవిద్యాలయ విభాగానికి అక్టోబరు, నవంబరులోనే లేఖ రాసుకోవాలి, ఎందుకంటే తవ్వకాలు ఎక్కువగా చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోగా ముగుస్తాయి.

మొదటి నుంచీ పురావస్తు శాస్త్రమే

కొందరికి పై దారి సరిపోదు. చిన్నప్పటి నుంచి పొలంలో దొరికిన పెంకులు ఏరి దాచుకున్నవారు, శాసనాలు చదవడానికి సంస్కృతం, ప్రాకృతం నేర్చుకోవడానికి సిద్ధపడ్డవారు, ఎండలో ఎనిమిది గంటలు ఒకేచోట కూర్చుని మట్టి రంగులో తేడా పసిగట్టగలవారు అర్థశాస్త్రం కోసం మూడేళ్లు ఆగనక్కరలేదు. బరోడా వంటి చోట డిగ్రీ స్థాయిలోనే పురావస్తు శాస్త్రం చేయవచ్చు. అలాంటివారికి అర్థశాస్త్రంలో కావలసింది డిగ్రీ కాదు, కొన్ని పనిముట్లు: ప్రాథమిక సూక్ష్మ అర్థశాస్త్రం (మైక్రో), గణాంక శాస్త్రం, ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పటాల కోసం క్యూజీఐఎస్. ఇవి ఆన్‌లైన్ కోర్సులతో రెండేళ్లలో పట్టుబడతాయి. యూజీసీ 2022లో ఇచ్చిన నియమాల ప్రకారం ఒక రెగ్యులర్ డిగ్రీ, ఒక దూరవిద్య డిగ్రీ ఒకేసారి చేయవచ్చు. కాగితం కూడా కావాలనుకుంటే ఆ వెసులుబాటును వాడుకోవచ్చు గాని, తవ్వకాల సీజను, దూరవిద్య పరీక్షలు ఒకే నెలలో వచ్చి ఢీకొనడం ఇందులో తరచూ ఎదురయ్యే తలనొప్పి.

ఆర్థిక చరిత్ర గురించి క్లుప్తంగా చెబుతాను. గతం, లెక్కలు రెండూ ఇష్టమై, మట్టి పని మాత్రం వద్దనుకునేవారికి అదే సరైన సబ్జెక్టు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో దానికి ప్రత్యేక విభాగమే ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, అర్థశాస్త్రం కలిపిన డిగ్రీ ఉంది. అయితే వారు ఎక్కువగా రాతప్రతులు ఉన్న కాలాల మీద, అంటే ఇటీవలి శతాబ్దాల మీద పనిచేస్తారు. శాతవాహనుల వర్తకం మీద మనసుపడి ఇందులో చేరితే ఈస్టిండియా కంపెనీ ఖాతా పుస్తకాల దగ్గర తేలుతారు.

ఉద్యోగాల దగ్గర ఏది ఎంత నిలుస్తుంది

ప్రభుత్వ నోటిఫికేషన్లు డిగ్రీ జోడీని చూడవు, పీజీ పేరును చూస్తాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్‌కు అర్థశాస్త్రంలోనో దాని శాఖల్లోనో పీజీ ఉండాలి. రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగపు అధికారి పోస్టులకూ అంతే. మరోవైపు భారత పురావస్తు సర్వే శాఖకు చెందిన గ్రేటర్ నోయిడా సంస్థ రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతుంది. దానికి పురావస్తు శాస్త్రం, ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతం వంటి సబ్జెక్టుల్లో పీజీ చేసినవారు అర్హులు, అర్థశాస్త్రంలో ఎం.ఏ. ఒక్కటే చేతిలో ఉంటే అక్కడ లాభం లేదు. యూజీసీ నెట్‌లో అర్థశాస్త్రం, పురావస్తు శాస్త్రం వేర్వేరు సబ్జెక్టులు. సివిల్స్ ఐచ్ఛికాల్లో అర్థశాస్త్రం ఉంది, పురావస్తు శాస్త్రం పేరుతో ఐచ్ఛికం లేదు. చరిత్ర మొదటి పేపరులో ప్రాచీన స్థలాలను పటంలో గుర్తించే ప్రశ్నకే 50 మార్కులు ఉంటాయి గనుక పురావస్తు శాస్త్రం చదివినవారికి ఆ ఐచ్ఛికం కలిసొస్తుంది. కనుక పీజీ ఏ సబ్జెక్టులో చేస్తున్నారో ఆ నిర్ణయమే మీ ఉద్యోగపు వైపును తేలుస్తుంది, డిగ్రీ దాకా మాత్రం రెండింటి మధ్య ఊగిసలాడవచ్చు. పురావస్తు పోస్టులు సంఖ్యలో తక్కువ, నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడుస్తాయి. డిగ్రీలో అర్థశాస్త్రం ఉంటే ఆ ఎదురుచూపు కాలంలో డేటా విశ్లేషణ, విధాన పరిశోధన, బ్యాంకు పరీక్షలు చేతికి అందుబాటులో ఉంటాయి. రెండో దారిని నేను ఎక్కువమందికి చెప్పడానికి ఇది మరో కారణం.

రెండు చదువులూ కలిసి పనికొచ్చే చోటు కూడా ఒకటి ఉంది, అది మన కళ్లముందే ఉంది. 1926లో వెలుగులోకి వచ్చిన నాగార్జునకొండ లోయ సాగర్ ప్రాజెక్టు కింద మునుగుతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు. లక్షల ఎకరాల సాగునీటికి, ఇక్ష్వాకుల రాజధానికి మధ్య అక్కడ ఎంపిక జరిగింది. మునిగిన స్థలం విలువను ఎలా కట్టాలన్న ప్రశ్నకు నాడు పద్ధతి ఏదీ లేదు, నేడు కొన్ని ఉన్నాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతంగా, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగా 2010 నాటి సవరణ చట్టం ప్రకటించింది. ఆ గీత లోపల ఇల్లు ఉన్న కుటుంబానికి పడే నష్టం ఎంత, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి వల్ల పాలంపేటకు వచ్చే రాబడి ఎంత, ఆ రాబడి ఊరివారికి చేరుతోందా అన్నవి మన రాష్ట్రాల్లో సరిగ్గా లెక్క తేలని ప్రశ్నలు. వాటిని అర్థశాస్త్ర పద్ధతిలో అడిగి, కట్టడం సంగతి కూడా తెలిసి జవాబు రాయగలిగినవారు తక్కువమంది.

దరఖాస్తులు పెట్టేముందు చేయవలసినవి రెండే. ఒక శనివారం దగ్గరలోని మ్యూజియానికి, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌కైనా అమరావతికైనా వెళ్లి, విగ్రహాల గది వదిలేసి పెంకులు, పూసలు, నాణేలు పెట్టిన బల్లల దగ్గర రెండు గంటలు నిలబడండి. మరుసటి రోజు ఇంట్లో కూర్చుని అర్థశాస్త్ర పీజీ ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకుని, జవాబులు రాకపోయినా సరే, చివరి ప్రశ్న దాకా చదవండి. ఏ రోజు గడియారం వైపు తక్కువసార్లు చూశారో గుర్తుపెట్టుకుని, పీజీ ఆ సబ్జెక్టులో చేయాలని ముందే అనుకుని, దానికి తగిన డిగ్రీ ఫారం నింపండి.